తల్లి చదువు - బిడ్డ ఊయెల

బేగంపేట నుండి లింగంపల్లికి పోవు ఎం.ఎం.టి.ఎస్. రైలులో బోరబండ దాటిన వెంటనే వచ్చు స్టేషను హైటెక్ సిటీ. నడుమ దూరము స్వల్పమే. కాని పదవ తరగతి కాకమునుపే చదువు మాని, చంటిబిడ్డను చంకనెత్తుకొన్న బోరబండ తల్లికి ఆ కొలువులు బహుదూరము. ఆమె మరల పుస్తకము పట్టదలచినచో మొదట ఎదురగు ప్రశ్న ఒక్కటే: "అంతవరకు బిడ్డను ఎవరు చూతురు?" ఈ ప్రశ్నకు మన దేశము ఎట్లు సమాధానము వెదకుచు వచ్చినదో ఒక్కసారి పరికింతము.

చదువు మానిన స్త్రీలకు మరల బడి తలుపు తెరచినవారిలో దుర్గాబాయమ్మను ముందుగా స్మరింపవలెను. బాల్యవివాహబంధమును వదలుకొని, స్వాతంత్ర్యోద్యమములో చెఱసాలకేగి వచ్చిన పిమ్మట ఆమె కాశీ మెట్రిక్యులేషను పరీక్షలో నెగ్గిరి. మదరాసులో 1937లో తాము స్థాపించిన ఆంధ్ర మహిళా సభలో ఇతర స్త్రీలకును ఆ పరీక్షకై తరగతులు నడపిరి. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఆమెయే ప్రథమాధ్యక్షురాలు. 1958లో ఆ మండలి సంక్షిప్త విద్యా తరగతులను ప్రారంభించినది. వితంతువులు, భర్త విడిచినవారు, నిరుపేదలు అనేక వత్సరముల పాఠమును రెండేండ్లలో ముగించి, ఉపాధ్యాయినులుగా, నర్సులుగా, గ్రామసేవికలుగా నిలద్రొక్కుకొనుటకు ఇవి దారి చూపినవి.

బిడ్డను గూర్చిన ఏర్పాటు మాత్రము వేరొక దారిన నడచినది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము, 50 మందికి మించి స్త్రీలు పనిచేయుచోట ఆరేండ్ల లోపు పిల్లలకు శిశుగృహము ఉండవలెనని విధించెను. 1976లో ఆ సంఖ్యను 30కి తగ్గించిరి. 1975 నాటి కేంద్ర శిశుగృహ పథకము పనికి పోవు తల్లులకు, రోగపీడితలగు తల్లులకు ఉద్దేశించినది. కూలికి పోవు తల్లిని గుర్తించిన ఈ ఏర్పాటులు బడికి పోవు తల్లిని పేర్కొనలేదు. తమ్ములను, చెల్లెండ్రను సాకు బాలికలు బడికి రావలెనన్న శిశుసంరక్షణ కేంద్రములు కావలెనని 1986 జాతీయ విద్యావిధానము గ్రహించినది. తల్లి వంతు వచ్చుటకు ఇంకను చాలకాలము పట్టినది. 2022లో రూపొందిన 'పాల్నా' పథకము, తల్లి ఉద్యోగముతో నిమిత్తము లేకయే, ఆరు నెలలు మొదలు ఆరేండ్ల వరకు గల పిల్లలకు చోటు కల్పింపనెంచినది. ఆ పేరునకు ఊయెల యనియే అర్థము.

బోరబండకు చేరువనే, జూబిలీ హిల్స్‌లో, అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయమున్నది. 1982లో నెలకొన్న ఆ సంస్థ దేశమున అట్టివానిలో మొట్టమొదటిది. 1991లో సార్వత్రిక పాఠశాలయు ఏర్పడినది. ఇట్టి చదువులకు తరగతులు హెచ్చుగా ఆదివారములందును, సెలవుదినములందును జరుగును. ఆనాడు అంగన్‌వాడీ తలుపు మూసియుండును! చదువును, ఊయెలయు రెండును ఉండియు, ఒకే దినమున ఆ తల్లికి అందకున్నవి.

తరగతి నడచు బడిలోనే ఆ పూటకు ఒక గదిని, ఒక చాపను, నమ్మకమైన ఒక ఆయాను సమకూర్చుట మనకు అసాధ్యమా? ప్రక్కగదిలో బిడ్డ సుఖముగా నిద్రించుచున్నదని తెలిసిన తల్లికే పాఠము చెవికెక్కును.