యూఎఫ్ఓ ఫైళ్లు: పెంటగాన్ దాస్తోంది ఏలియన్లనా.. కెమెరాలనా?

నలుపు తెలుపు స్క్రీన్, మధ్యలో గిర్రున తిరిగే ఓ ఆకారం, వెనకాల పైలట్ల కేకలు.. ఈ క్లిప్ మీ వాట్సాప్‌కీ ఎప్పుడో ఒకసారి వచ్చే ఉంటుంది. 'ఏలియన్స్ దొరికిపోయారు' అన్న క్యాప్షన్ పంపినవాళ్ల సొంత పైత్యం. వీడియో మాత్రం అసలైనదే. అమెరికా నేవీ ఫైటర్ జెట్ నుంచి 2015లో తీసింది. దీంతో పాటు మరో రెండు వీడియోలను పెంటగాన్ 2020 ఏప్రిల్ 27న అధికారికంగా విడుదల చేసింది. అప్పటికే అవి లీకై రెండేళ్లు దాటింది!

ఆ మూడింట్లో ఒకటి 2004 నవంబర్ నాటిది. కాలిఫోర్నియా తీరంలో నిమిట్జ్ యుద్ధనౌక పైలట్లకు రెక్కలు లేని, తెల్లటి క్యాప్సూల్ లాంటి వస్తువు కనిపించింది. అదేంటో ఇప్పటికీ తేలలేదు. ఇలా ఏంటో తేల్చలేని వాటినే ఇప్పుడు యూఏపీ అంటున్నారు. మనకు తెలిసిన పాత పేరు యూఎఫ్ఓ.

అసలు రచ్చ ఎక్కడ మొదలైంది?

2017 డిసెంబర్‌లో న్యూయార్క్ టైమ్స్ ఓ కథనం వేసింది. వీటిపై పెంటగాన్ గుట్టుగా ఓ ప్రోగ్రామ్ నడిపిందని, 2.2 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయని బయటపెట్టింది. సెనేటర్ హ్యారీ రీడ్ చొరవతో 2007లో మొదలైన వ్యవహారమిది. పదేళ్ల పాటు జనానికే కాదు, చాలామంది ఎంపీలకూ తెలియదు.

జనం నమ్మకపోవడానికి పాత కారణం కూడా ఉంది. 1950ల్లో అమెరికా యూ-2 గూఢచారి విమానాలను 60 వేల అడుగుల పైన ఎగరేసింది. అప్పట్లో ప్రయాణికుల విమానాలు 20 వేల అడుగులు దాటేవి కావు. సాయంత్రం వేళ ఎండ పడి మెరిసే ఆ వెండి రెక్కలను చూసి పైలట్లు 'ఎగిరే పళ్లాలు' అంటూ ఫిర్యాదులు చేశారు. ఎయిర్‌ఫోర్స్‌కు విషయం తెలుసు. కానీ మంచు స్ఫటికాలు, వాతావరణ మార్పులు అంటూ సర్దిచెప్పింది. 1950ల చివర్నుంచి 60ల దాకా వచ్చిన ఫిర్యాదుల్లో సగానికి పైగా ఇలాంటి నిఘా విమానాలవేనని 1997లో ఓ సీఐఏ అధ్యయనమే చెప్పింది. అంటే దాచిన మాట నిజం, దాచింది మాత్రం సొంత విమానాన్ని!

ఇప్పుడూ సీన్ పెద్దగా మారలేదు. మన ఆర్టీఐ లాంటి చట్టం కింద మిగతా వీడియోలు ఇవ్వమని అడిగితే 2022లో నేవీ కుదరదంది. అవి ఉన్నాయని ఒప్పుకుంది, ఇస్తే దేశ భద్రతకు నష్టమంది. ఈ వాదనను కొట్టిపారేయలేం. వీడియో బయటికొస్తే ఆ కెమెరా, రాడార్ సత్తా ఏంటో చైనా, రష్యాలకూ తెలుస్తుంది. కానీ అదే సాకుతో ప్రతీదీ లోపలే ఉంచితే పుకార్లకు పండగే.

2023 జులై 26న జరిగింది అదే. మాజీ ఇంటెలిజెన్స్ అధికారి డేవిడ్ గ్రుష్, కూలిన వాహనాలను సేకరించే రహస్య ప్రోగ్రామ్ దశాబ్దాలుగా ఉందని అమెరికా కాంగ్రెస్ ముందు ప్రమాణం చేసి చెప్పారు. అయితే ఆయన కళ్లారా చూసింది కాదు, 40 మందికి పైగా సాక్షుల దగ్గర విన్నది. 2024 మార్చిలో పెంటగాన్ విచారణ విభాగం ఆరో, అలాంటి ఆధారమేదీ లేదని రిపోర్ట్ ఇచ్చింది. పెంటగాన్‌పై ఆరోపణలు, విచారణ చేసింది పెంటగాన్ ఆఫీసే. ఇక ఎవరు నమ్ముతారు?

అందుకే సెనేటర్లు చక్ షూమర్, మైక్ రౌండ్స్ బయటి రివ్యూ బోర్డు కావాలని బిల్లు తెచ్చారు. కెన్నెడీ హత్య ఫైళ్ల కోసం 1992లో చేసిన చట్టమే దీనికి మోడల్. 2023 డిసెంబర్‌లో రక్షణ బిల్లు పాసయ్యేసరికి బోర్డు ఎగిరిపోయింది. మిగిలింది ఒక్కటే. అన్ని శాఖలూ యూఏపీ రికార్డులను నేషనల్ ఆర్కైవ్స్‌కు ఇవ్వాలి. భద్రత పేరుతో అధ్యక్షుడు ఆపితే తప్ప, రికార్డు పుట్టిన 25 ఏళ్లలోపు జనం ముందు పెట్టాలి. ఆ లెక్కన 2004 నిమిట్జ్ ఘటన రికార్డులకు గడువు 2029.