ముగ్గురన్నదమ్ముల డిస్కో పాటలు

అమెరికాలోని మయామీలో సముద్రపు పాయ మీద పొడవాటి వంతెన ఒకటి ఉంది. 1975లో బారీ గిబ్ ఆ వంతెన దాటి క్రైటీరియా స్టూడియోకు కారులో వెళ్లేవాడు. చక్రాలు వంతెన అతుకుల మీద పడినప్పుడల్లా టకటక, టకటక అని ఒకే లెక్కలో చప్పుడు వచ్చేది. దాన్ని ముందు పసిగట్టింది పక్కన కూర్చున్న ఆయన భార్య లిండా. ఆమె చెప్పగానే బారీ ఆ నడకకు గొంతు కలిపాడు. ఆ పాటే 'జైవ్ టాకిన్'. ఆ ఏడాది ఆగస్టులో అది అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. అచ్చంపేట నుంచి శ్రీశైలం రోడ్డెక్కిన బస్సులో ఇలాంటి చప్పుళ్లు మనమూ వింటూనే ఉంటాం. విని ఊరుకుంటాం.

బారీ, రాబిన్, మారిస్ ముగ్గురూ ఒక్క తల్లి బిడ్డలు. రాబిన్, మారిస్ కవలలు. ముగ్గురూ పుట్టింది ఇంగ్లండ్ పక్కనున్న ఐల్ ఆఫ్ మాన్ దీవిలో. తండ్రి హ్యూ గిబ్ డ్రమ్ములు వాయించేవాడు. బతుకుతెరువు కోసం ఆ కుటుంబం 1958లో ఓడెక్కి ఆస్ట్రేలియా వెళ్లింది. అక్కడ రెడ్‌క్లిఫ్‌లో, కార్ల పందేలకు మధ్య దొరికే విరామంలో ఈ పిల్లలు పాడితే జనం చిల్లర విసిరేవాళ్లు. అలా మొదలైన బృందమే బీ జీస్. 1967లో ఇంగ్లండ్ తిరిగొచ్చి పేరు తెచ్చుకున్నారు, విడిపోయారు, మళ్లీ కలిశారు. 1974 నాటికి వాళ్ల పాట అడిగేవాడే లేడు. బ్రిటన్‌లో భోజనాలు చేస్తూ కూర్చునే జనం ముందు, క్లబ్బుల్లో పాడుకునే స్థితికి వచ్చారు. మయామీకి వెళ్లి రికార్డు చేసుకోమని సలహా ఇచ్చింది గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్.

అలా మయామీలో చేసిన 'జైవ్ టాకిన్' రికార్డు రేడియో స్టేషన్లకు చేరినప్పుడు దాని మీద పేరు లేదు. బీ జీస్ అని కనిపిస్తే పక్కన పడేస్తారని కంపెనీ భయం. పేరు చూడకుండా విన్నవాళ్లంతా ఎవరిదీ పాట అని అడిగారు.

'జైవ్ టాకిన్' ఉన్న ఆల్బమ్‌లోనే 'నైట్స్ ఆన్ బ్రాడ్‌వే' పాట ఉంది. దాని చివర ఎవరైనా గొంతెత్తి కేక వేయగలరా అని నిర్మాత ఆరిఫ్ మార్డిన్ అడిగాడు. బారీ మైకు ముందుకెళ్లి ప్రయత్నిస్తే, అప్పటిదాకా తనకే తెలియని ఒక సన్నని పైస్థాయి గొంతు బయటికొచ్చింది. ప్రపంచం బీ జీస్‌ను గుర్తుపట్టేది ఆ గొంతుతోనే. తమ్ముళ్లిద్దరూ దానికి కింద, పక్కన తమ గొంతులు జత చేశారు. చిన్ననాటి నుంచి ఒకే ఇంట్లో కలిసి పాడిన గొంతులు అల్లుకున్నట్టు, డబ్బిచ్చి తెచ్చుకున్న గాయకుల గొంతులు అల్లుకోవు. వాళ్ల పాటలకు అసలు బలం అదేనని నా నమ్మకం.

1977లో ముగ్గురూ పారిస్ దగ్గర ఎరూవిల్ అనే ఊళ్లో, ఒక పాత కోటలో నడిచే స్టూడియోలో ఉన్నారు. మేనేజర్ రాబర్ట్ స్టిగ్‌వుడ్ ఫోన్ చేసి ఒక సినిమా తీస్తున్నానని, పాటలు కావాలని అడిగాడు. కథ చదవకుండానే వాళ్లు ఇచ్చేశారు. ఇంకో విచిత్రం: షూటింగ్‌లో హీరో జాన్ ట్రవోల్టా స్టెప్పులేసింది ఈ పాటలకు కాదు, స్టీవీ వండర్, బాజ్ స్కాగ్స్ పాటలకు.

ఆ సినిమా పాటల్లో ఒకటైన 'స్టేయిన్ అలైవ్' రికార్డు చేయాల్సిన వేళకు డ్రమ్మర్ డెన్నిస్ బ్రయన్ ఇంట్లో విషాదం జరిగి బ్రిటన్ వెళ్లిపోయాడు. ఒక రిథమ్ యంత్రం తెప్పించి చూస్తే అది పనికిరాలేదు. అప్పుడు నిర్మాతలు ఆల్బీ గాల్యూటెన్, కార్ల్ రిచర్డ్‌సన్ ఒక ఉపాయం ఆలోచించారు. అంతకుముందే రికార్డైన 'నైట్ ఫీవర్'లో బ్రయన్ వాయించిన రెండు ఆవర్తాల ముక్కను వేరే టేపు మీదికి ఎక్కించి, ఆ టేపు కొసలు రెండూ కలిపి అతికించారు. ఆ చుట్టను, అంటే లూప్‌ను, మైకు స్టాండ్ల మీదుగా గదిలో తిప్పుతూ మెషిన్‌లో ఆడించారు. అదే దరువు అలుపు లేకుండా తిరిగి తిరిగి వచ్చింది. దాని మీద పాట కట్టారు. రికార్డు అట్ట మీద డ్రమ్మర్ పేరు వేయాలి కదా! బెర్నార్డ్ లూప్ అని సరదాగా ఓ పేరు సృష్టించారు. లేని ఆ మనిషి కోసం తర్వాత చాలామంది వెతికారు.

డిస్కో అంటే యంత్రం కొట్టిన దరువు అని తేలిగ్గా తీసిపారేసేవాళ్లకు నేను చెప్పేది ఇదే. ఆ దరువును వాయించింది మనిషే. అతను ఊళ్లో లేని రోజుల్లో అతని చేతిపనినే టేపు తిప్పి వాడుకున్నారు.

'నైట్ ఫీవర్' కథ చిన్నది. కీబోర్డు వాయించే బ్లూ వీవర్ ఏదో పాత సినిమా బాణీ వాయిస్తుంటే బారీ గదిలోకి వచ్చాడు. అక్కడినుంచి కొత్త బాణీ మొదలైంది. సినిమాకు 'సాటర్‌డే నైట్' అనే పాట రాయమని స్టిగ్‌వుడ్ పట్టుబట్టాడు, అన్నదమ్ములు ఒప్పుకోలేదు. చివరికి వాళ్ల పాట పేరే సినిమా పేరులో కలిసింది: 'సాటర్‌డే నైట్ ఫీవర్'.

ఇక 'హౌ డీప్ ఈజ్ యువర్ లవ్'. ముందు దాన్ని గాయని ఇవాన్ ఎలిమన్‌కు ఇద్దామనుకున్నారు. మీరే పాడాలని స్టిగ్‌వుడ్ ఆపాడు. 1977 డిసెంబరులో అది మొదటి స్థానానికి వచ్చింది. తర్వాత షికాగో ప్రాంతానికి చెందిన రొనాల్డ్ సెల్ అనే ఆయన, ఆ బాణీ తనదేనని కోర్టుకెక్కాడు. 1983లో జ్యూరీ ఆయన పక్షానే తీర్పు చెప్పింది. అన్నదమ్ముల మీద దొంగతనం ముద్ర పడ్డట్టే అయింది. కానీ జడ్జి ఆ తీర్పును పక్కన పెట్టాడు. అన్నదమ్ములు సెల్ పాటను విన్నారని చూపే ఆధారం ఏదీ లేదన్నాడు. 1984లో అప్పీలు కోర్టు కూడా అదే నిలబెట్టింది. ఈ కేసులో అన్నదమ్ముల తరఫున ఒక టేపు సాక్ష్యంగా వచ్చింది. బారీ కూనిరాగం తీస్తుంటే వీవర్ పియానో మీద స్వరాలు వెతుక్కుంటూ పాట కట్టిన సమయంలో ఆడిన టేపు అది. పాట ఎలా పుట్టిందో కోర్టుకు ఆ టేపే వినిపించింది.

సినిమా పాటల ఆల్బమ్ 1978లో అమెరికాలో 24 వారాలు అగ్రస్థానంలో ఉంది. 'టూ మచ్ హెవెన్', 'ట్రాజెడీ', 'లవ్ యూ ఇన్‌సైడ్ అవుట్' కూడా కలిపితే వరసగా ఆరు పాటలు మొదటి స్థానం చూశాయి. 'టూ మచ్ హెవెన్' రాయల్టీని యూనిసెఫ్‌కు రాసిచ్చేశారు. 'ట్రాజెడీ'లో వినిపించే పేలుడు, బారీ మైకు దగ్గర దోసిలి పట్టి నోటితో చేసిన శబ్దమే.

1979 జులై 12న షికాగోలోని కొమిస్కీ పార్క్ బేస్‌బాల్ మైదానంలో డిస్కో గిట్టనివాళ్లు ఆ రికార్డులను పెట్టెడు పోగేసి పేల్చేశారు. జనం మైదానంలోకి ఎగబడితే ఆ రోజు జరగాల్సిన రెండో మ్యాచ్ రద్దైంది. డిస్కోను పుట్టించింది నల్లజాతి, లాటినో, స్వలింగ ప్రియుల క్లబ్బులు. ఆ మంట తగిలింది ముందు వాళ్లకే. రేడియోలు బీ జీస్‌నూ మూలన పెట్టాయి. గొంతు వినడం మానేసినా కలాన్ని ఆపలేకపోయారు. బార్బ్రా స్ట్రైసాండ్‌కు, డియాన్ వార్విక్‌కు, కెన్నీ రోజర్స్–డాలీ పార్టన్ జంటకు ఈ అన్నదమ్ములే హిట్లు రాశారు.

అక్కడ చప్పబడ్డ డిస్కో ఇక్కడ అప్పుడే అందుకుంది. 1980లో హిందీ సినిమా 'ఖుర్బానీ' కోసం బెంగళూరు వాడైన బిద్దు బాణీలో గాయని నాజియా హసన్ పాడింది. మరుసటి ఏడాది తమ్ముడు జోహెబ్‌తో కలిసి 'డిస్కో దీవానే' తెచ్చింది. 1986లో కృష్ణ 'సింహాసనం'తో బప్పీలహరి తెలుగులోకి వచ్చాడు.

ముగ్గురిలో మారిస్ 2003లో, రాబిన్ 2012లో పోయారు. విడిగా పాడిన చిన్న తమ్ముడు ఆండీ 30 ఏళ్లకే, 1988లో గుండె జబ్బుతో కన్నుమూశాడు. గుండె ఆగిన మనిషికి సీపీఆర్ చేసేటప్పుడు నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఛాతీ నొక్కాలి. 'స్టేయిన్ అలైవ్' దరువు నిమిషానికి దాదాపు 103. అందుకే శిక్షణలో ఆ పాటను మనసులో పాడుకోమంటారు.

ఈ అన్నదమ్ములది ఇంట్లో పుట్టిన పాట. అచ్చంపేట ప్రాంతానికీ ఇంటి పాట కొత్త కాదు. లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్య 12 మెట్ల కిన్నెర తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. 2022లో పద్మశ్రీ అందుకున్నాడు. తండ్రి నుంచి కొడుక్కి, తల్లి నుంచి బిడ్డకు వచ్చిన పాటలు ఈ ఊళ్లలో ఇంకా ఉన్నాయి. అవి ఎవరు కట్టారో, ఏ సందర్భంలో కట్టారో చెప్పే టేపు మాత్రం చాలా వాటికి లేదు. మీ ఇంట్లో, మీ వాడలో పాడే పెద్దలుంటే వాళ్ల పాటను ఫోన్‌లో రికార్డు చేయండి. పాటతో పాటు దాని కథను, ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఆ పేరును కూడా వాళ్ల నోటనే చెప్పించండి.