స్థూలకాయము, శోథము, మేధాశక్తి: హైదరాబాదు ప్రాంతమున పరిశోధనా చరిత్ర

శరీరమున పేరుకొన్న కొవ్వు, దానివలన కణజాలములలో మెల్లగా రగులుచుండు శోథము (లోవాపు) కాలక్రమమున జ్ఞాపకమును, ఏకాగ్రతను, నిర్ణయశక్తిని కుంటుపరచునను విషయము వైద్యశాస్త్రమున ఇటీవలి అధ్యాయము. హైదరాబాదు ప్రాంతమున మాత్రము ఆహారమునకును మేధకును గల సంబంధముపై విచారణ స్థూలకాయముతో గాక, కృశత్వముతో ఆరంభమైనది.

1918లో కూనూరున రాబర్ట్ మెక్‌కారిసన్ ఆధ్వర్యమున బెరిబెరి (బి1 విటమిను లోపవ్యాధి) విచారణకై వెలసిన ప్రయోగశాల 1958లో హైదరాబాదునకు తరలి, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థగా పెంపొందెను. అచటి పరిశోధకులు చంపకం, శ్రీకంఠయ్య, గోపాలన్‌లు 1968లో ప్రకటించిన అధ్యయనమున, పసితనమున క్వాషియోర్కర్‌కు (తీవ్ర మాంసకృత్తుల లోపవ్యాధికి) లోనై కోలుకొన్న పిల్లలు బడియీడు వచ్చిన పిమ్మటను బుద్ధిపరీక్షలలో తోటివారికంటె వెనుకబడియుండుట తేటపడెను. పిదప 1987–90 నడుమ, నగరమునకు చేరువనున్న రంగారెడ్డి జిల్లా పల్లెలలో కొన్నింట గర్భిణులకును, ఆరేండ్లలోపు పిల్లలకును మొక్కజొన్న, సోయా మిశ్రమముతో వండిన ఉప్మా పెట్టబడెను. ఆ పిల్లలను కౌమారమున మరల పరీక్షించి 2008లో వెలువరించిన ఫలితములను బట్టి, ఉప్మా అందిన ఊళ్లవారు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగుగా నుండుటయే గాక, వారిలో మధుమేహమునకు దారితీయు ఇన్సులిన్ నిరోధకతయు తక్కువగా నుండెను. 2018 నాటి మరియొక విశ్లేషణలో వారు చదువునను ముందున్నట్లు తేలెను. ఆకలి తీర్చుటకై తలపెట్టిన ప్రయత్నము మధుమేహచరిత్రలో స్థానము పొందుట విశేషమే.

ఈ నడుమ విదేశములలో కథ వేరు దారిని సాగినది. జడమైన నిలువకొట్టుగా భావింపబడిన కొవ్వు, 1993లో హార్వర్డున హోటమిస్లిగిల్, స్పీగెల్‌మన్ ప్రభృతులు స్థూలకాయపు మూషికములలో టి.ఎన్.ఎఫ్.-ఆల్ఫా యను శోథకారకమును కనుగొనుటతో చురుకైన అవయవమని తెలియవచ్చెను. ఇట్టి కారకములు రక్తము ద్వారా మెదడును చేరి, అచటి రక్షణకణములగు మైక్రోగ్లియాను రెచ్చగొట్టి, జ్ఞాపకస్థానమగు హిప్పోక్యాంపస్‌లో ఇన్సులిన్ సంకేతములను చెదరగొట్టునని శాస్త్రజ్ఞుల వివరణ. కొవ్వుమేత మెదడులోని హైపోథాలమస్‌ను వాపునకు గురిచేయునని బ్రెజిల్ పరిశోధకులు 2005లో ఎలుకలయందు చూపిరి. ఆ యేటనే కాలిఫోర్నియాలో 10,276 మందిని సుమారు 27 సంవత్సరములు అనుసరించిన అధ్యయనము, నడివయస్సున స్థూలకాయులైన వారికి డిమెన్షియా (మేధాక్షీణత) ముప్పు 74 శాతము అధికమని లెక్కగట్టెను.

ఈ లెక్కను అన్ని వయస్సులకును యథాతథముగా వర్తింపజేయరాదు. డిమెన్షియా బయటపడుటకు కొన్నేండ్లు ముందే బరువు తగ్గుచుండును గనుక, వృద్ధాప్యమున కొలచినచో సన్నపాటివారికే ముప్పు హెచ్చుగ కనబడును. మన దేశమున మరియొక చిక్కు గలదు: 2004లో పుణె వైద్యుడు యాజ్ఞిక్, లండను వైద్యుడు యుడ్కిన్‌లు తమ దేహములనే కొలుచుకొనగా, ఇరువురి శరీరభార సూచికయు 22.3 అయినను, కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతము, యాజ్ఞిక్‌కు 21.2 శాతము. తూనిక చెప్పని కొవ్వును నడుము చుట్టుకొలత కొంత చెప్పును.

ఇక హైదరాబాదు పొరుగునకు మరలినచో, 2008 మార్చిలో బేగంపేట విమానాశ్రయము నుండి విమానములు అదే రంగారెడ్డి జిల్లాలోని శంషాబాదునకు తరలిన పిదప, చేలును తోటలును ఉన్న నేలపై సరకు గిడ్డంగులు, హోటళ్లు, బాహ్యవలయ రహదారి వెలసి, దుక్కి దున్నిన కుటుంబములలో కొందరు రాత్రి షిఫ్టులకును, కూర్చుండి చేయు కొలువులకును అలవడిరి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో 30.1 శాతము స్త్రీలు, 32.3 శాతము పురుషులు అధికభారము గలవారు. రంగారెడ్డి పల్లెలలో నాడు ఉప్మా తిన్న పిల్లలు నేడు నలుబదికి చేరువైనారు; కాలిఫోర్నియా అధ్యయనమున తొలితూకము వేసినది నలుబది మొదలు నలుబదియైదేండ్ల వారినే.