వైద్యం వదిలి ఉలి పట్టిన ఆండర్సన్



ప్రత్యేక సంచికకు చరిత్ర మీద ఏదైనా రాసి ఇవ్వమని కార్యవర్గం వారు అడిగినప్పుడు, నేను మా దోమకొండ గడీ గురించే రాస్తానని చాలామంది అనుకొని ఉంటారు. గడీ గురించి నాకంటే బాగా తెలిసినవారు మనలో ఎందరో ఉన్నారు. అందుకని ఈసారి దూరదేశపు మనిషి ఒకరిని పరిచయం చేస్తున్నాను. ఆయన పేరు డాక్టర్ అలెగ్జాండర్ ఆండర్సన్. అమెరికాలో పుస్తకాల బొమ్మలను చెక్క మీద చెక్కే విద్యకు ఆద్యుడని ఆయనను చెబుతారు.

ఆండర్సన్ 1775 ఏప్రిల్ 21న న్యూయార్కులో పుట్టారు. ఇంగ్లీషు వారిపై అమెరికా ప్రజల యుద్ధం మొదలై అప్పటికి రెండే రోజులు. తండ్రి స్కాట్లాండు నుంచి వచ్చి అచ్చుపని చేసుకుంటున్నవాడు. తిరుగుబాటుదారుల పక్షాన పత్రిక నడిపాడు. ఇంగ్లీషు సైన్యం న్యూయార్కులో దిగగానే కుటుంబంతో ఊరు విడిచిపోవలసి వచ్చింది, ఆస్తి చాలావరకు పోయింది.

పిల్లవాడికి పన్నెండేళ్ల వయసులోనే చెక్కుడు పని మీద మనసు పడింది. రాగి నాణేలను వెండిపనివాడి చేత రేకులుగా సాగగొట్టించుకొని, జేబు చాకు ముక్కతో చేసిన పనిముట్టుతో వాటి మీద గీతలు గీసేవారట. కాని తల్లిదండ్రులకు అది నచ్చలేదు. చెక్కుడు పని కూడు పెడుతుందా, నలుగురిలో గౌరవం తెస్తుందా అని వారి బెంగ. పద్నాలుగో ఏట ఒక వైద్యుని దగ్గర శిష్యరికానికి పెట్టారు.

ఈ మాట చదువుతుంటే నాకు మా నాయన గుర్తుకొచ్చాడు. మా ఇంటిది వడ్లపని. నాగళ్లు, తలుపులు, బండి చక్రాలు చేసేవాడు. నన్ను మాత్రం ఉలి ముట్టనివ్వలేదు. “నువ్వు కలం పట్టుకో బిడ్డా, ఈ కష్టం నాతోనే పోవాలె” అనేవాడు. అలా నేను గుమాస్తానయ్యాను. మనలో చాలామంది కథ ఇదే. చేనేత మగ్గం మీది నుంచో, కుమ్మరి సారె దగ్గర నుంచో మన పెద్దలు మనల్ని లేపి ఆఫీసు కుర్చీలో కూర్చోబెట్టారు.

ఆండర్సన్ వైద్యం నేర్చుకుంటూనే చెక్కుడు పని వదలలేదు. ఇంగ్లాండులో థామస్ బ్యూయిక్ (1753–1828) అనే కళాకారుడు చెక్క మీద బొమ్మలు చెక్కడంలో కొత్త దారి చూపాడు. ఆండర్సన్ ఒక పిల్లల పుస్తకానికి బొమ్మలు చెక్కే పని ఒప్పుకొని, సగం వరకు అచ్చక్షరాల లోహం మీద చెక్కారు. బ్యూయిక్ వాడేది చెక్క అని తెలియగానే మిగిలిన సగం చెక్క మీద చెక్కారు. ఇది 1794–95 ప్రాంతపు మాట.

ఇక్కడ పనిలోని కిటుకు చెప్పాలి. పలకగా కోసిన చెక్క మీద నార పోయే దిక్కుకు అడ్డంగా సన్నగీత చెక్కితే పెచ్చు లేస్తుంది. వడ్లపని ఎరిగిన ఎవరైనా చెబుతారు. అందుకని బాక్సువుడ్ అనే గట్టి చెట్టు మొద్దును అడ్డంగా బిళ్లలుగా కోసి, ఆ ముఖం మీద చెక్కేవారు. అక్కడ ఎటు గీసినా గీత నిలుస్తుంది. చెక్కిన చోటు కాగితం మీద తెల్లగాను, విడిచిన చోటు నల్లగాను పడుతుంది. ఆ బిళ్ల ఎత్తు అచ్చక్షరం ఎత్తుతో సమానం. కాబట్టి అక్షరాల పక్కనే బిగించి ఒకే దెబ్బలో అచ్చు వేయవచ్చు. రాగిరేకు బొమ్మకైతే వేరే యంత్రం, వేరే ఖర్చు. పేదపిల్లల చేతి పుస్తకంలోకి బొమ్మ వచ్చిందంటే ఈ చెక్కబిళ్ల చలవే.

1795లో న్యూయార్కులో ఎల్లో ఫీవర్ అనే పచ్చజ్వరం వ్యాపించింది. ఇరవయ్యేళ్ల ఆండర్సన్ బెల్వ్యూ ఆసుపత్రిలో ఉండి రోగులను చూశారు. 1796లో కొలంబియా కాలేజీ నుంచి వైద్యపట్టా పొందారు, మరుసటి ఏడు పెళ్లి చేసుకున్నారు. 1798లో పచ్చజ్వరం మళ్లీ వచ్చింది. ఆ ఒక్క ఏడాదిలోనే పసికొడుకును, అన్నను, తండ్రిని, భార్యను, తల్లిని పోగొట్టుకున్నారు. వైద్యుడై ఉండీ తనవారిని కాపాడుకోలేకపోయారు.

ఆ జ్వరం ఎందుకు వస్తుందో ఆనాడు ఎవరికీ తెలియదు. దోమ వల్ల కావచ్చునని 1881లో క్యూబా వైద్యుడు కార్లోస్ ఫిన్లే చెప్పాడు. 1900లో అమెరికా సైనిక వైద్యుల బృందం దాన్ని రుజువు చేసింది. ఆ మధ్యలోనే, 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ మలేరియా క్రిమిని దోమ కడుపులో చూశాడు. ఊరి పేరులోనే దోమను పెట్టుకున్న మాకు ఇది మరచిపోయే సంగతి కాదు.

ఆండర్సన్ వెస్టిండీసులో బంధువు దగ్గర కొంతకాలం ఉండి తిరిగి వచ్చారు. ఇక వైద్యం జోలికి పోలేదు. చనిపోయిన భార్య చెల్లెలిని 1800లో పెళ్లి చేసుకొని, చెక్కుడు పనినే బతుకుతెరువుగా చేసుకున్నారు. బ్యూయిక్ బొమ్మలు చెక్కిన జంతువుల చరిత్ర 1804లో అమెరికాలో అచ్చయినప్పుడు సుమారు 300 బొమ్మలను చూసి చెక్కింది ఆయనే. మనకు పెద్దబాలశిక్ష ఎలాగో అమెరికా వారికి నోవా వెబ్‌స్టర్ అక్షరాభ్యాస పుస్తకం అలాంటిది. కోట్ల ప్రతులు అమ్ముడైంది. దానికీ ఆయన బొమ్మలు చెక్కారు. కూతురికి కూడా ఈ విద్య నేర్పారు. తొంభై దాటాక కూడా ఉలి పట్టారు. 1870 జనవరి 17న, 94 ఏళ్ల వయసులో జెర్సీ సిటీలో కన్నుమూశారు.

ఆయన డాక్టరుగిరీ వదలడం పిరికితనమని కొందరనవచ్చు. నేను అలా అనుకోను. తొలిసారి జ్వరం వచ్చినప్పుడు ఆయన ఆసుపత్రి విడిచి పోలేదు. ఆ రోజుల వైద్యం చేయగలిగింది కొంచెమే. ఉలితో చేసిన పని మాత్రం ఇంటింటికీ చేరి పిల్లలకు అక్షరం మీద ఇష్టం కలిగించింది. గౌరవం పట్టాలోనే ఉందనుకునే మనబోటివారు ఇది ఆలోచించాలి.

గుమాస్తాగా ఇంకొక్క మాట. ఫైలులో లేనిది జరగనట్లేనని మనకు అనుభవమే. ఆండర్సన్ యువకుడిగా ఉన్నప్పుడు దినచర్య రాసుకున్నారు. చెక్కిన బొమ్మల నకళ్లు వేల సంఖ్యలో మిగిలాయి. అందువల్లనే 2005లో ఆయన పని మొత్తానికి మూడు సంపుటాల పట్టిక వెలువడింది. మన పెడనలో కలంకారీ అద్దకానికి టేకు అచ్చులు చెక్కినవారు, నిర్మల్‌లో పొనికి చెక్కతో బొమ్మలు చేసినవారు తరతరాలుగా ఉన్నారు. వారిలో ఎందరి పేర్లు కాగితం మీద ఉన్నాయి? ఏళ్ల తరబడి రిజిష్టర్లు రాసిన చేతులు మనవి. మీ ఊరి వడ్లాయన, కమ్మరి, అచ్చుపనివాడు, వాళ్ల పేరు, ఏ పనిలో దిట్ట, ఏ తలుపు, ఏ రథం ఎవరు చేసింది, తెలిసినంత ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టండి. నేను మా నాయన చేసిన తలుపులతో మొదలుపెట్టాను. ఇప్పటికి పదకొండు ఇళ్లు లెక్క తేలాయి.