క్యాసెట్‌లో దాగిన అమ్మమ్మల గొంతులు

రీలు టేపు రికార్డర్లకు మళ్ళీ మంచి రోజులొచ్చాయి. రెవాక్స్ కంపెనీ 1977 నాటి తన బి77 మోడల్‌కు కొత్త రూపమిచ్చి మళ్ళీ అమ్ముతోంది. సంగీత ప్రియులు అంత డబ్బూ పోసి కొంటున్నారు.

1928లో జర్మనీలో ఫ్రిట్జ్ ఫ్లోయిమర్ కాగితపు పట్టీకి ఇనుప పొడి అంటించి, దాని మీద శబ్దాన్ని పట్టి ఉంచాడు. టేపుకు అదే మొదలు. మన దగ్గర పెద్ద రీళ్ళు ఎక్కువగా రేడియో స్టేషన్లలోనే తిరిగాయి. మామూలు ఇళ్ళకు చేరింది మాత్రం ఫిలిప్స్ 1963లో తెచ్చిన క్యాసెట్. అందులోనూ ఉన్నది రెండు బుల్లి రీళ్ళే!

మా గోదావరిఖని వైపు బొగ్గుబాయిలో పని దొరకనివాళ్ళు చాలామంది గల్ఫ్ బాట పట్టారు. వాళ్ళు తెచ్చిన టేపు రికార్డర్లే ఉత్తరాలయ్యాయి. చదువు రాని ఆడవాళ్ళు పిల్లల ముచ్చట్లు, అప్పుల లెక్కలు, మధ్యలో వచ్చే ఏడుపు, అన్నీ క్యాసెట్‌లో చెప్పి పంపేవారు. జవాబు అదే క్యాసెట్ మీద రికార్డు చేస్తే మాత్రం ఆమె మాట చెరిగిపోయేది.

మీ అటక మీద అలాంటి క్యాసెట్ మిగిలి ఉందా? వెనక అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలు విరిచేయండి. ఇక దాని మీద ఎవరూ పొరపాటున రికార్డు చేయలేరు. బూజు పట్టకముందే ఫోన్‌లోకి ఎక్కించండి. ఉత్తరం రాయలేని అమ్మమ్మల చరిత్రకు వేరే కాపీ లేదు మరి.