డాలుమీది పట్టెలు, అంచులు

నేను బడిలో పాఠములు చెప్పుకాలమున నొక బాలుడు చరిత్రపుస్తకములోని డాలుబొమ్మను జూపి, "పంతులుగారూ, యీ చారలకు తెలుగు పేళ్లు లేవా?" యని యడిగెను. లేవంటిని. ఆ మాట తప్పని తరువాత నెఱిగితిని. ఆ తప్పును నేడు దిద్దుకొనుచున్నాను.

శిరస్త్రాణములు ధరించినపుడు గుర్తుపట్టరాని ఐరోపా యోధులు 12వ శతాబ్దమునుండి డాళ్లపై వంశచిహ్నములు వ్రాయించుకొనిరి. డాలునడుమ నడ్డముగా సాగు పట్టె ఫెస్. సంప్రదాయము ప్రకారము డాలులో మూడవవంతు. దాని లాటిను మూలమునకు కట్టు అని యర్థము. మన నడికట్టే యది. నిలువుపట్టె పేల్, మూలార్థము గుంజ. ఏటవాలు పట్టె బెండ్. జందెమువలె భుజమునుండి దిగును. రెండు వాసములు కొప్పున గలిసినట్లుండునది షెవ్రన్; ఫ్రెంచిలో నా మాటకు వాసమనియే యర్థము. చుట్టునుండు అంచు బోర్డ్యూర్. స్కాట్లండులో నది తఱచుగా వంశపు చిన్నశాఖవారిని దెలుపును.

మన యోరుగంటి కాకతీయులకు వరాహము లాంఛనము. పట్టెలతో వారికి బనిలేకపోయెను. 1877లో ఢిల్లీ దర్బారునకై రాబర్టు టేలరు భారత సంస్థానాధీశుల పతాకములకు ఐరోపారీతి చిహ్నములు గల్పించెను. చిహ్నములు వచ్చెను గాని, వాని మాటలు మన యూళ్లకు రాలేదు.

రానేల? వరంగల్లు కొత్తవాడలో జంపఖానాలు నేయువారి నోట పట్టె, అంచు. వడ్రంగి నోట వాసము, గుంజ. నేను నిఘంటువులలో వెదకవలసినవి వారి పనిలోనే యున్నవి. మీ మనుమలడిగినచో, నావలె లేవనకుడు.