లావూ మచ్చా ఒకే ఎలుకలో

క్లోమం తీసేసిన కుక్కలను ఇన్సులిన్‌తో బతికించడం 1920ల్లో టొరంటోలో సాధ్యమైంది. అయినా కొన్ని నెలలకు అవి నీరసించి చనిపోయేవి. కోసి చూస్తే కాలేయం నిండా కొవ్వు. పచ్చి క్లోమం తినిపిస్తే కోలుకునేవి. గుడ్డు పచ్చసొనలో ఉండే లెసిథిన్ పెట్టినా కోలుకునేవి. లెసిథిన్‌లో పనిచేస్తున్నది కోలిన్ అని చార్లెస్ బెస్ట్ బృందం 1932లో తేల్చింది. కాలేయం తనలోని కొవ్వును రక్తంలోకి పంపాలంటే దాన్ని సన్నని రేణువులుగా మూటగట్టాలి, ఆ మూట పైపొరకు కోలిన్ కావాలి. గోనెసంచులు అందని రైసుమిల్లులో బియ్యం రాశులు పడినట్టు, కోలిన్ లేని కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది. జంతువుకు కావాలని ఫ్యాటీ లివర్ తెప్పించే మొదటి నమ్మకమైన దారి ఇలా దొరికింది.

1949లో బెస్ట్, ఆయన సహచరులు కొన్ని ఎలుకలకు ఆల్కహాల్, కొన్నిటికి చక్కెర ఇచ్చి చూశారు. రెండు గుంపుల కాలేయాలూ ఒకే తీరులో పాడయ్యాయి. ఆల్కహాల్ దానంతటది విషం కాదని, తిండిలో లోపమే కారణమని వారు అర్థం చేసుకున్నారు. ఆ మాట తప్పని చార్లెస్ లీబర్ 1970ల్లో బబూన్ కోతులతో చూపించారు. ఇవాళ ఆ పాత ప్రయోగం గురించి చదువుతుంటే నా దృష్టి మాత్రం చక్కెర తిన్న గుంపు దగ్గరే ఆగిపోతుంది.

1980లో మేయో క్లినిక్ వైద్యుడు యుర్గెన్ లుడ్విగ్ 20 మంది రోగుల గురించి రాశారు. వారికి తాగుడు లేదు, కాలేయం మాత్రం తాగేవారి కాలేయంలాగే వాచి ఉంది. చాలామంది లావుగా ఉన్నారు, కొందరికి మధుమేహం. నాష్ అని ఆయన పెట్టిన పేరు 2023లో మాష్‌గా మారింది. కొవ్వు ఒక్కటే ఉంటే చాలామందికి ప్రమాదం తక్కువ. వాపు ఆరకుండా కాలేయం మీద మచ్చ మీద మచ్చ పడుతూ, అది గట్టిపడి సిర్రోసిస్ దాకా పోవడమే అసలు భయం.

ఈ జబ్బును చిట్టెలుకలో చూడబోతే అది రెండు ముక్కలుగా విడిపోయింది. కోలిన్, మెథియోనిన్ రెండూ తీసేసిన తిండి పెడితే కొన్ని వారాల్లోనే వాపు వస్తుంది, మచ్చ పడుతుంది. కానీ ఆ ఎలుక చిక్కి శల్యమవుతుంది. దాని ఒంట్లో ఇన్సులిన్ చక్కగానే పనిచేస్తుంది. మన రోగికి ఇది పూర్తిగా తలకిందులు. జాక్సన్ ప్రయోగశాలలో దొరికిన, 1950లో లోకానికి తెలిసిన ఓబీ ఎలుకది ఇంకో తీరు. ఎంత తిన్నా ఆకలి తీరదు, బంతిలా లావెక్కుతుంది, కాలేయం కొవ్వుతో నిండుతుంది. మచ్చ మాత్రం పడదు. 1994లో ఆకలిని అణచే లెప్టిన్ అనే హార్మోన్ జన్యువు బయటపడ్డాకే దీనికి కారణం తెలిసింది. ఆ ఎలుకలో లోపించిన లెప్టినే మచ్చ పడడానికీ అవసరం.

హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో 1996లో, ఆ సంస్థ కూనూరులో ఉన్న రోజుల నుంచీ పెంచుతూ వచ్చిన విస్టార్ ఎలుకల్లో, వాటంతటవే బాగా లావెక్కే ఎలుకలు కనిపించాయి. కొన్ని కిలో దాటి తూగేవి. ఓబీ ఎలుకలా కాక వీటి రక్తంలో లెప్టిన్ దండిగా ఉంటుంది. కాలేయంలో కొవ్వు చేరే తీరునూ అక్కడివారు వీటిలో పరిశీలించారు. మన ఊళ్లో పుట్టిన ఈ ఎలుకలకు ఇంకా ఎక్కువ పేరు రావలసిందని నా అభిప్రాయం.

2011 నుంచి పరిశోధకుల చూపు మనిషి కంచం మీదికి మళ్లింది. కొవ్వు, కొలెస్టరాల్ దట్టించిన మేత, తాగే నీళ్లలో ఫ్రక్టోజ్. కొన్ని నెలలకు లావూ మచ్చా ఒకే ఎలుకలో కనిపించాయి. ఇలాంటి మరో మేతలో వనస్పతి తరహా ట్రాన్స్ కొవ్వు వాడేవారు. అమెరికా ఆ కొవ్వును ఆహారంలోంచి తొలగించడంతో పామాయిల్‌తో కొత్త మేత తయారైంది. మందు మొదలుపెట్టే ముందు ఎలుక కాలేయం నుంచి చిన్న ముక్క తీసి, జబ్బు నిజంగా ఉందని చూసుకునే పద్ధతి కూడా వచ్చింది. 2016లో అరుణ్ సన్యాల్ బృందం రెండు జాతులను కలిపి పుట్టించిన డైమండ్ ఎలుక, కొవ్వు మేత, చక్కెర నీళ్లతోనే క్యాన్సర్ దాకా వెళ్లింది. 2018లో స్కాట్ ఫ్రీడ్‌మన్ బృందం అలాంటి మేతకు వారానికో చిన్న మోతాదు కార్బన్ టెట్రాక్లోరైడ్ జోడించింది. 12 వారాల్లో ముదిరిన మచ్చ, 24 వారాల్లో క్యాన్సర్. ఆ విషం ఏ రోగి ఒంట్లోకీ వెళ్లదు కదా అన్న అభ్యంతరం న్యాయమైనదే. అయితే రెండేళ్లు బతికే ప్రాణిలో మనిషి ఇరవై, ముప్పై ఏళ్ల జబ్బును చూడాలంటే ఎక్కడో తొందరపెట్టక తప్పదు.

తిండితోనే కథ ముగియలేదు. మనకు హాయిగా ఉండే 22 డిగ్రీల గది చిట్టెలుకకు చలి. వెచ్చదనం కోసమే అది కొవ్వు కరిగించుకుంటూ ఉంటుంది. 30 డిగ్రీల్లో పెంచితే అదే మేతకు జబ్బు ముదురుతుందని 2017లో తేలింది.

ఎలుకలో మచ్చ తగ్గించిన సెలోన్‌సెర్టిబ్ అనే మందు 2019లో జబ్బు ముదిరిన రోగుల మీద రెండు పెద్ద పరీక్షల్లోనూ విఫలమైంది. చివరికి 966 మంది మీద పరీక్షించిన రెస్మెటిరామ్‌కు 2024 మార్చిలో అమెరికా అనుమతి దొరికింది. ఈ జబ్బుకు అక్కడ అనుమతి పొందిన మొదటి మందు అదే. మచ్చ ఒక మోస్తరుగా ఉన్నవారికీ, ముదిరినవారికీ దాన్ని వాడవచ్చు. సిర్రోసిస్‌లోకి జారినవారికి ఆ అనుమతి వర్తించదు. తిండి ఒక్కదానితో సిర్రోసిస్ దాకా వెళ్లే చిట్టెలుకలూ అరుదే.